తోంగ్‌పాల్‌లో రాసుకున్న రూల్సు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది మా చిన్న ఇంటర్నెట్ కంపెనీకి సొంత అడ్రసులు వచ్చాయి. రెండువందల యాభైఆరు. అంతకుముందు ఒక పెద్ద కంపెనీ ఇచ్చిన పదహారింటితోనే, రాయ్‌పూర్‌కి దక్షిణాన ఉన్న ఈ అడవి జిల్లాల్లో, బచేలీ నుంచి ఇటు సుక్మా దాకా, అటు బీజాపూర్ దాటి ఆవపల్లి దాకా నెట్టుకొచ్చాం.

అడ్రసంటే వీధి పేరు, ఇంటి నంబరు కాదు. ఇంటర్నెట్‌లో నిలబడే ప్రతి యంత్రానికీ ఉండాల్సిన అంకెల వరస. పాత పద్ధతి అంకెలు లోకమంతటా దాదాపు అయిపోయాయి. కొత్త పద్ధతివి కావలసినన్ని ఉన్నాయి కానీ, పాత సర్వర్లు చాలామటుకు వాటిని పోల్చుకోవు. అందుకని మాలాంటి చిన్నవాళ్లం ఒక్క అడ్రసు వెనకాల వందలమంది చందాదారుల్ని సర్దుతాం. సాయంత్రం సినిమా చూసుకునేవాడికి తేడా తెలియదు. దుకాణంలో కెమెరా పెట్టి ఇంట్లో కూర్చుని చూడాలనుకునేవాడికి, రోజంతా సర్కారు పోర్టల్‌లో అర్జీలు ఎక్కించేవాళ్లకి తెలుస్తుంది.

నేను పుట్టింది విజయనగరం దగ్గరైనా పెరిగిందంతా బచేలీ టౌన్‌షిప్‌లోనే. నాన్న అక్కడి ఇనుప గనిలో ఖనిజం తవ్వే షావెల్ యంత్రం నడిపేవారు. నేను రాయ్‌పూర్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. పెళ్లయ్యాక మా ఆయనతో కలిసి కేబుల్ టీవీలోకి, అందులోంచి ఇంటర్నెట్‌లోకి వచ్చాను. టవర్లు, తీగలు, స్తంభాలు ఆయన చూసుకుంటారు. కాగితాలు, రూటర్లు, జనంతో తగువులు నావి.

అడ్రసులు పంచే సంస్థకు అర్జీ పెట్టినప్పుడు నాకు మొదట ఒళ్లు మండింది. ఏ ఊళ్లో ఏ యంత్రం ఉంది, దానికెన్ని అడ్రసులు కావాలి, ఆర్నెల్లలో ఎన్ని వాడతారు, ఏడాదిలో ఎన్ని వాడతారు, దాని బొమ్మ గీసి పంపండి అన్నారు. పంపితే మళ్లీ ప్రశ్నలు. ఆ తనిఖీ అధికారిని నేను ఎప్పుడూ చూడలేదు. మెయిళ్లలో ఆయన భాష మర్యాదగానే ఉండేది, కానీ ఒక్క గీత కూడా వదిలేవాడు కాదు. "ఈ టవరు ఇప్పుడు ఉందా, ఉండబోతోందా?" అని ఒకసారి అడిగాడు. ఉండబోతోందని రాశాను. దాన్ని లెక్కలోంచి తీసేశాడు. చివరికి అడ్రసులు వచ్చాక మాత్రం, ఇంత గట్టిగా అడిగారు కాబట్టే మాదాకా మిగిలాయి కాబోలు అనిపించింది.

మా కింద పదిమంది దాకా చిన్న ఆపరేటర్లు ఉండేవాళ్లు. మా లైను తీసుకుని తమ ఊళ్లో ఇళ్లకు పంచేవాళ్లు కొందరు, ఆన్‌లైన్ సేవా కేంద్రం నడిపేవాళ్లు కొందరు. అడ్రసులు వచ్చాయని తెలియగానే ఫోన్లు మొదలయ్యాయి. మొదటి ఫోను సుక్మా కేబుల్ ఆయనది. ఆయన తాత భద్రాచలం వైపు నుంచి వచ్చి సుక్మాలో స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, వారపు అంగడి రోజు గోండీ మాట్లాడతాడు. ఎవరూ పోని దారుల్లో స్తంభాలెక్కి తీగ లాగిన మనిషి.

"మేడమ్‌జీ, నాకో అరవై నాలుగు పెట్టండి" అన్నాడు.

పెట్టాను. రెండు నెలలకి ఇంకో అరవై నాలుగు అడిగాడు. అవీ ఇచ్చాను. అడిగినవాళ్లకి అడిగినన్ని ఇవ్వడమే అప్పటికి మా పద్ధతి. మా ఆఫీసుకీ టవర్లకీ అరవై నాలుగు ఉంచుకున్నాను. తోంగ్‌పాల్‌కీ మిగతా రోడ్డు పక్క ఊళ్లకీ ముప్ఫై రెండు పోయాయి. ఒకరోజు చూస్తే చేతిలో ముప్ఫై రెండే ఉన్నాయి. సుక్మా ఆయనవి ఎన్ని వాడకంలో ఉన్నాయో పరీక్షించాను. నూటఇరవై ఎనిమిదిలో పాతిక లోపే.

ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. "ఖాళీగా ఉంటే ఏమైతది మేడమ్‌జీ, పాడైపోతయా? రేపు పనికొస్తయి కదా."

అప్పుడు నాకు రూల్స్ కావాలనిపించింది. తెలిసిన పద్ధతి ఒక్కటే కాబట్టి దాన్నే దించాను. అర్జీ ఆన్‌లైన్‌లో పెట్టాలి. నెట్‌వర్క్ బొమ్మ జతచేయాలి. యంత్రాల పట్టిక ఇవ్వాలి. గడువు తేదీ దాటితే తీసుకోం. నా ఒక్కదాని ఇష్టంతో రాశానని అనిపించుకోకూడదని అందరినీ కూర్చోబెట్టి ఒప్పించాలనుకున్నాను. సుక్మా, జగ్దల్‌పూర్ రోడ్డు మీద తోంగ్‌పాల్ అయితే ఎక్కువమందికి నడుమ పడుతుంది. అక్కడి మా ఆపరేటరుకి మొబైల్ దుకాణం ఉంది. దాని వెనక గదిలో కూర్చున్నాం. వాట్సాప్ గ్రూపులో హిందీలో కబురు పెట్టాను. నాతో కలిపి ఆరుగురం వచ్చాం.

భజియాలు, చాయ్ అయ్యాక నేను రూల్స్ చదివాను. ఎవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు. సుక్మా ఆయన మాత్రం ఒక మాట చేర్చమన్నాడు.

"ఇప్పటిదాకా ఇచ్చినవి ఇచ్చినట్టే ఉండాలె. రూలు ఇవ్వాళ్టి నుంచి. వెనక్కి తవ్వొద్దు."

అందరూ సరేనన్నారు. నాకూ సబబుగానే తోచింది. ఇచ్చినదాన్ని లాక్కోవడం మర్యాద కాదు కదా అనుకున్నాను. కింద ఆరుగురం సంతకాలు పెట్టాం. తిరిగి వచ్చేటప్పుడు జీపులో మా ఆయనతో, "మొత్తానికి పద్ధతి ప్రకారం చేశాం" అన్నాను. గర్వంగానే అన్నాను. గడువు రోజుకి నాలుగు అర్జీలు వచ్చాయి. మిగిలిన ముప్ఫై రెండూ ఆ నలుగురికి సర్ది, జాబితా మూసేశాను.

ఆవపల్లి నుంచి అర్జీ రాలేదు. రాలేదని నేను గమనించలేదు కూడా.

జూన్‌లో బళ్లు తెరిచే సమయానికి గొడవ మొదలైంది. సర్టిఫికెట్లు ఇచ్చే పోర్టల్, వందలమంది పంచుకునే మా ఉమ్మడి అడ్రసుని ఆపేసింది. ఆ అడ్రసు నుంచి చెత్త రద్దీ వస్తోందని దాని ఫిర్యాదు. అడ్రసులున్నవాళ్లకి ఏమీ కాలేదు. ఉమ్మడి అడ్రసు వెనక ఉన్నవాళ్లకి పోర్టల్ తెరుచుకోవడం మానేసింది. పోర్టల్ వాళ్లకి మెయిల్ పెట్టాను. జవాబు లేదు. తీగ బాగానే ఉంది, వేగం బాగానే ఉంది, కాబట్టి నాకది పెద్ద విషయంగా అనిపించలేదు. మెల్లగా తెరుచుకుంటుందిలే అనుకున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒకావిడ బచేలీలో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. బస్సు దుమ్ము జుట్టు మీద తెల్లగా ఉంది.

"ఇంటర్నెట్ మేడం మీరేనా?" అంది. "నేను ఆవపల్లి కెల్లి వచ్చిన. సేవా కేంద్రం నాదే."

రెండేళ్లుగా మా లైను వాడుతున్న మనిషి. ఆమె గొంతు ఫోనులో విన్నాను కానీ ముఖం చూడటం అదే మొదటిసారి. కూర్చోమని నీళ్లిచ్చాను. బీజాపూర్‌కి ఒక బస్సు, గీదంకి ఒకటి, ఇక్కడికి ఇంకొకటి. పొద్దున బయల్దేరితే ఇప్పటికి చేరింది.

"పోర్టల్ సంగతేనా? మెయిల్ పెట్టానండి, వాళ్లు చూడాలి" అన్నాను.

"మెయిల్ నాకెందుకు మేడం. నాకో అడ్రసు ఇయ్యండి. తోంగ్‌పాల్ల సెంటర్ నడుస్తున్నది గదా. ఆయనకు అడ్రసు ఉన్నదంట. నాకెందుకు లేదు?"

రూల్స్ సంగతి చెప్పాను. అర్జీ పెట్టలేదు కదా అన్నాను. గడువు అయిపోయిందన్నాను. అందరికీ ఒకటే రూలు, మీ ఒక్కరికి మారిస్తే మిగతావాళ్లు ఊరుకోరన్నాను. ఆమె అంతా విని ఫైలు తెరిచి నా ముందు పెట్టింది. అందులో కాగితాలు ఎవరెవరివో. ఫొటోలు అంటించిన ఫారాలు, ఆధార్ నకళ్లు.

"ఇవి పోయినయి కావు మేడం, ఆగినయి. పిల్లలను హాస్టల్ల చేర్పియ్యాలంటే జాతి ప్రమాణపత్రం, అదే కులం సర్టిఫికెట్, కావాలె. ఒక్కొక్కళ్లు అడవిల పది కిలోమీటర్లు నడిచి వస్తున్నరు. పొద్దందాక కూర్చుంటున్నరు, పోతున్నరు. సర్వర్ డౌన్ అని చెప్పిన మూడు రోజులు. నాలుగో రోజు ఒక ముసలాయన, నీది అబద్ధమమ్మా, బీజాపూర్ల అయితున్నది అన్నడు."

"మీటింగ్ ఉందని గ్రూపులో పెట్టాను కదా" అన్నాను.

"హిందీల పెట్టినరు. చదివిన. నాకు హిందీ వస్తది. ఫారం ఇంటర్నెట్ల నింపమన్నరు, నింపుదామని కూర్చున్న. నెట్‌వర్క్ బొమ్మ గీయమన్నది. ఏంది ఆ బొమ్మ? మీకు ఫోన్ చేసిన, ఎవలో ఎత్తి గ్రూపుల ఉన్నది చూస్కోమన్నరు. ఆ వారమే గాలికి టవర్ కాడ సిగ్నల్ ఇచ్చే రేడియో పక్కకు తిరిగింది. అయిదు రోజులు నాకు లైనే లేదు. మీ వాళ్లు వచ్చి సరిచేసే వరకు మీ తేదీ పోయింది."

ఆ రేడియో బాగుచేయడానికి పోయింది మా ఆయనే. ఆ అయిదు రోజుల సంగతి మా ఫిర్యాదుల పుస్తకంలో ఉంది. రెండిటినీ కలిపి చూడాలని నాకు తట్టలేదు, అంతే.

ఆమె నీళ్లు తాగి, ఏ కోపమూ లేకుండా అడిగింది. "తోంగ్‌పాల్ల ఆ రోజు ఎవలెవలు కూర్చున్నరు మేడం?"

చెప్పాను. ఒక్కొక్కరిని చెబుతుంటే నాకే తెలిసొచ్చింది. ఆ గదిలో అడ్రసు లేనివాళ్లు ఒక్కరూ లేరు. ఉన్నవాళ్లం అందరం కూర్చుని, ఉన్నవి మావేనని రాసుకుని సంతకాలు పెట్టుకున్నాం.

ఆ రాత్రికి ఆమె కిరందుల్‌లో బంధువుల ఇంటికి వెళ్లింది. నేను భోజనాల దగ్గర నాన్నకు ఈ సంగతి చెప్పాను. నాన్న రిటైరయి చాలా ఏళ్లయింది. పనిలో ఉన్న రోజుల్లో క్వార్టర్లు కేటాయించే కమిటీలో కార్మికుల తరఫున కూర్చునేవారు.

"ఏటే, ఉన్నోలకి ఉన్నయ్యి ఉండనిచ్చి, లేనోలకి రూలెట్టినావా?" అన్నారు. "మా కమిటీలోనూ అలాగే ఉండీది. ఒకడు క్వార్టరుకి తాళమేసుకుని ఊరెల్లి కూకునీవోడు. కొత్తగా వచ్చినోడు పెళ్లాం పిల్లల్తోటి షెడ్డులో ఉండీవోడు. రూలు ప్రకారం ఎవులిదీ తప్పు కాదు."

"మరి మీరేం చేశారు?"

"ముందు నా తాళం సూపించమన్నారు. నాకు వరండా పక్కన ఒక గది ఎక్కువుండీది. ఇచ్చేసినాను. మీ అమ్మ నెలరోజులు మాటాడలేదు."

మర్నాడు రికార్డులు తీశాను. చెత్త రద్దీ ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడానికి రెండు గంటలు పట్టింది. అది సుక్మా నుంచి. ఎవరింట్లోదో వైరస్ పట్టిన కంప్యూటరు. దాన్ని ఆపించినా పోర్టల్ అడ్డు తీయలేదు. అందులో కేబుల్ ఆయన తప్పేమీ లేదు. కానీ తన ఇళ్ల చందాదారులందరినీ ఆయన మా ఉమ్మడి అడ్రసు మీదే ఉంచాడు. తన నూటఇరవై ఎనిమిదినీ దాచుకుని, అందరిదీ వాడుకుంటున్నాడు. ఆ సంగతి నాకు ఎప్పుడో కనపడాల్సింది.

వారం తర్వాత నేనే ఆవపల్లి వెళ్లాను. ఆమెది రోడ్డు పక్క రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కంప్యూటరు, ప్రింటరు, వేలిముద్ర యంత్రం. బయట చూరు కింద పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. ఆమె ఒకరితో దోర్లీలో, ఒకరితో గోండీలో, నాతో తెలుగులో మాట్లాడుతూనే పని చేసుకుంటోంది. నేను ఒక కాగితం తీసి, "మీ దగ్గర ఉన్న యంత్రాలు ఒక్కొక్కటే చెప్పండి" అన్నాను. ఆమె చెప్పింది, నేను గీశాను. పావుగంట పట్టలేదు.

"ఇదేనా నెట్‌వర్క్ బొమ్మంటే?" అంది.

"ఇదే."

"దీనికి నన్ను మూడు బస్సులు ఎక్కించినవా అక్కా!" అని నవ్వింది. మేడం పోయి అక్క వచ్చింది. అక్కడున్న ముసలాయనకి ఆమె ఏదో చెబితే ఆయనా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రెండో మీటింగ్ గీదంలో పెట్టాను. అన్ని బస్సులూ కలిసే చోటు అదే. ఈసారి గ్రూపులో పెట్టి ఊరుకోకుండా ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. పదకొండుమంది వచ్చారు. ఆవపల్లి ఆమె అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. ఆవిడ కాకుండా అడ్రసు లేనివాళ్లు ఇంకో నలుగురున్నారని ఆ రోజే గమనించాను.

మొదట నావి చెప్పాను. ఉంచుకున్న అరవై నాలుగులో ఇరవై నాలుగే వాడుతున్నాను, నలభై వెనక్కి ఇస్తున్నాను అన్నాను. తర్వాత రూలు మార్పు చదివాను. ఏడాదికోసారి అందరి వాడకమూ చూస్తాం. వాడనివి ఉమ్మడి కుప్పలోకి వస్తాయి. అర్జీ కాగితం మీద, నోటిమాటగా, ఏ భాషలో చెప్పినా రాసుకుంటాం. బొమ్మ గీయడం మా పని. లైను లేని రోజులు గడువులో కలవవు.

సుక్మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం చూసి నాకు కష్టమే అనిపించింది.

"మేడమ్‌జీ, వానలల్ల నేను భుజం మీద తీగ మోసిన. అప్పుడు ఎవడు వచ్చిండు? ఇయ్యాళ మీరంతా కూర్చుని నాది తీసుకుంటరా? రేపు సుక్మాల కొత్త కాలనీ వస్తది, కొత్త పోలీసు క్యాంపు వస్తది. అప్పుడు నేను ఎవరిని అడగాలె?"

"అప్పుడు అడిగితే ఇస్తాం, అన్నా. ఉంటేనే" అన్నాను.

"ఉంటేనే! అదే కదా నేను అంటున్నది. ఉండవు. అందుకే పెట్టుకున్న."

ఆ మాటలో అబద్ధం లేదు. అప్పుడు ఆవపల్లి ఆమె, "అన్నా, నీ రేపటి కాలనీకి ఉన్నయి. మా ఇయ్యాల్టి పిల్లలకు లేవు. ఏంది చెయ్యమంటవు?" అంది. గట్టిగా ఏమీ అనలేదు. ఆయన ఆమెవైపు చూశాడు. ఆమె ఎవరో అప్పటిదాకా ఆయనకు తెలియదు.

చేతులెత్తితే తొమ్మిదిమంది సరేనన్నారు. ఆయన మొదటి విడతగా అరవై నాలుగు వదిలాడు. ఆర్నెల్లు మాతోనే ఉండి, తర్వాత వేరే కంపెనీ లైను తీసుకుని వెళ్లిపోయాడు. మిగతా అడ్రసులూ వెనక్కొచ్చాయి. మాకున్న ఆపరేటర్లలో అందరికంటే కష్టపడ్డ మనిషి పోయాడని మా ఆయన చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నారు. నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. దాన్ని ఇంకోలా చేయగలిగి ఉండేదాన్నేమో అని కూడా అనుకుంటాను. మీటింగ్‌కి ముందు సుక్మా వెళ్లి, ఆయన ఇంట్లో కూర్చుని, ఈ సంగతి ఆయనకు ముందుగా చెప్పలేదు. పదిమంది ముందు చెప్పాను.

ఆవపల్లి ఆమె పదహారు అడిగింది. తనకి కొన్ని, ఊసూర్ వైపు పెట్టబోయే ఇంకో రెండు కేంద్రాలకి కొన్ని. ఉండబోయేవాటిని తీసేసి నాలుగిస్తానన్నాను. నాలుగిస్తే అందులో రెండు మా రూటర్ల లెక్కలకే పోతాయి, రెండే పనికొస్తాయి. ఆమె ఒప్పుకోలేదు. అరగంట వాదించి ఎనిమిది తీసుకుంది. అడ్రసు మారిన రోజు సాయంత్రానికి ఫైల్లో ఆగినవాటిలో సగం పైగా ఎక్కించింది. మిగతావాళ్లలో కొందరు అప్పటికే బీజాపూర్ వెళ్లి చేయించుకున్నారు. ఇద్దరు పిల్లలకి ఆ ఏడాది హాస్టల్లో చోటు దొరకలేదు. ఆ విషయం ఆమె నాకు ఫోనులో చెప్పింది, వేరే ఏదో మాట్లాడుతూ మధ్యలో. నేను సారీ అన్నాను. "ఊఁ" అంది.

రూల్సుని తెలుగులోనూ రాయించమని పట్టుబట్టిందీ ఆమే. రాసి పంపితే ఎర్రపెన్నుతో దిద్ది వెనక్కి పంపింది. 'దరఖాస్తుదారు' అన్నచోట 'అడిగినోళ్లు' అని రాసింది. నేను 'అడిగినవాళ్లు' చేశాను.

ఇప్పుడు అర్జీలు చూడడానికి ముగ్గురి కమిటీ ఉంది. ఏడాదికోసారి మారుతుంది. ఇందులో నాకు ఓటు లేదు. పోయిన ఏడాది ఆమె వంతు వచ్చింది. ఆ ఏడాదే నాకు మా టవర్ల దగ్గర కెమెరాలు పెట్టాలని బుద్ధి పుట్టి ఆరు అడ్రసులకి అర్జీ పెట్టుకున్నాను. బొమ్మ నేనే శుభ్రంగా గీశాను.

ఆమె ఫోన్ చేసింది. "అక్కా, ఈ కెమెరాలు ఎవలు చూస్తరు?"

"మేమే. ఆఫీసులోంచి."

"ఆఫీసు నుంచి మీ టవర్ దాక మీ లైనే గదా? మధ్యల బయటి ఇంటర్నెట్ ఎందుకు? లోపటి అడ్రసులతోని నడువదా?"

నడుస్తుంది. మా లైను లోపల మాత్రమే చెల్లే అడ్రసులు మేమే ఎన్నైనా పెట్టుకోవచ్చు. కాస్త ఎక్కువ పని, అంతే. ఆ పని తప్పించుకోవడానికే అర్జీ పెట్టాను. ఆ మాట ఆమెకి చెప్పాను.

"అయితే కాదని రాస్తున్న" అంది. కారణం కూడా రాసింది, రెండు వరసల్లో, తెలుగులో. మూడు రోజులు కూర్చుని కెమెరాలన్నీ లోపలి అడ్రసుల మీదికి మార్చుకున్నాను.